నాయనమ్మ బిగించే కుర్చీ: ముందుమాట

పసిబిడ్డకు కుర్చీ ఏమిటి, నేల లేదా?

ఈ పుస్తకం అచ్చుకు పోతోందని తెలిసినప్పుడు మా బజారులో చాలామంది అడిగిన మాట ఇది. అడగాల్సిన మాటే. నేల మీద కూర్చున్న బిడ్డ కింద పడడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లలు పెరిగిందంతా చంకలోనూ, ఒడిలోనూ, చాప మీదా. నిద్రకు చీర ఉయ్యాల, నడకకు మూడు చక్రాల కొయ్య బండి, ఆకలికి అమ్మమ్మ చేతి గోరుముద్ద. తినిపించే చోటు కూడా ఫలానా అని లేదు. అరుగు మీద రెండు ముద్దలు, గేదె దగ్గర ఒకటి, పక్కింటి కోడిపిల్లల్ని చూపిస్తూ మరొకటి. ఎత్తు కుర్చీ పుట్టింది బల్ల దగ్గర కూర్చుని భోంచేసే దేశాల్లో. పెద్దవాళ్ళ బల్ల ఎత్తుకు బిడ్డను లేపడం దాని పని. మన ఇళ్ళల్లోకి బల్ల ఈమధ్యే వచ్చింది. వచ్చినా చాలాచోట్ల దాని మీద ఇస్త్రీ బట్టలు, కరెంటు బిల్లులే ఉంటాయి. కాబట్టి ఈ పుస్తకాన్ని మెచ్చుకునే ముందు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం నా పని అనుకుంటున్నాను.

జవాబు మిరపకాయలో ఉంది.

సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మా పల్లెల్లో నేల నేలలా ఉండదు. కల్లాల్లో కాయ ఎండుతుంటుంది. కోతకు పోయి ఇంటికొచ్చిన వాళ్ళ కుచ్చిళ్ళలో, తలగుడ్డలో, గోళ్ళ సందుల్లో ఘాటు ఉంటుంది. గుంటూరులోనూ, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గరా ఆడవాళ్ళు తొడిమలు తీసే పనికి పోతారు. కొందరు కాయను ఇంటికే తెచ్చుకుని గడప దగ్గర కూర్చుని తీస్తారు. తాలు ఒక పక్క, మంచి కాయ ఒక పక్క. గింజ రాలి, పొడి లేచి, చివరికి అంతా నేల మీదికే దిగుతుంది. పాకే బిడ్డ అక్కడ అరచేయి ఆన్చి, ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంటే ఏమవుతుందో ఈ వైపు ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్ని నీళ్ళు పోసి కడిగినా తల్లి చేతుల మంట పోదు. కొబ్బరినూనె పట్టించి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రుద్దితే కొంత నయం. అంతవరకూ ఆ చేయి బిడ్డ నోటి దగ్గరికి పోకూడదు. ఆ కొంగు బిడ్డ మొహానికి తగలకూడదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్ద పెట్టే మన పద్ధతి ఎంత మంచిదైనా, ఈ ఇళ్ళల్లో ఆ నాలుగు నెలలూ సాగదు. బిడ్డ నేలకు పైన ఒకచోట కుదురుగా కూర్చోవాలి, చేయి శుభ్రంగా ఉన్నవాళ్ళెవరో చెంచాతో తినిపించాలి.

ఆ ఎవరో మామూలుగా నాయనమ్మే. దసరా దాటగానే పత్తి తీత, దాని వెనకే మిరప కోత. కొడుకూ కోడలూ పొలంలో ఉంటారు. ఇంట్లో మిగిలిన పెద్దామెకు మోకాళ్ళు పట్టేసి ఉంటాయి. చాప మీద కూర్చుని బిడ్డను ఒళ్ళోకి తీసుకోవడం ఒక ఎత్తు, బిడ్డతో సహా లేవడం ఇంకో ఎత్తు. ఈ పుస్తకంలోని కుర్చీ కొలతలన్నీ బిడ్డవే గాని, దాని ఆలోచనంతా ఈ నాయనమ్మ చుట్టూ తిరుగుతుంది. పుస్తకం నాకు నచ్చడానికి మొదటి కారణం అదే.

రాసిన చిరంజీవి మా ఊరి వడ్రంగుల ఇంటి ఆడపిల్ల. నేను హైస్కూల్లో క్రాఫ్టు మాస్టారుగా ఉన్న రోజుల్లో వాళ్ళ నాన్న నా దగ్గర రంపం పట్టాడు. అంతకుముందు నేను వాళ్ళ తాత దగ్గర బాడిస పట్టడం నేర్చుకున్నాను. ఆమె నన్ను మాస్టారూ అంటుంది గాని, లెక్క చూస్తే నేనే ఆ ఇంటి శిష్యుణ్ణి. డిజైన్ చదువంటే చీరల మీద పువ్వులు గీయడమని మా తరం అనుకునేది. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో జాతీయ డిజైన్ సంస్థ మొదలైన తర్వాత, కుర్చీ, చెంచా, ఆటో సీటు కూడా ఎవరో కూర్చుని ఆలోచించి గీసినవేనని ఈ వైపు జనానికి కొద్దికొద్దిగా తెలుస్తోంది. ఈ అమ్మాయి ఆ చదువూ చదివింది, తాత ఉలీ పట్టింది. రెండూ ఉన్నవాళ్ళు అరుదు.

కుర్చీ భద్రంగా ఉండాలి అనగానే వడ్రంగికి తోచేది బలం. లావుపాటి కాళ్ళు, పొడుగుపాటి మేకులు. కానీ అమెరికాలో 2003 నుంచి 2010 వరకు ఆసుపత్రుల అత్యవసర విభాగాల రికార్డులు చూసిన ఒక పరిశోధన ఉంది. ఎత్తు కుర్చీల వల్ల దెబ్బలు తగిలి ఏటా సగటున 9,400 మందికి పైగా పసివాళ్ళు అక్కడ ఆసుపత్రికి వచ్చారట. వాళ్ళలో 93 శాతం కింద పడినవాళ్ళే. పడేముందు ఏం చేస్తున్నారో తెలిసినవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది కుర్చీలో నిలబడుతూనో, ఎగబాకుతూనో ఉన్నారు. అంటే చాలాసార్లు కుర్చీ గట్టిగానే ఉండి ఉంటుంది, కట్టాల్సిన పట్టీయే కట్టి ఉండదు. ఎందుకు కట్టలేదంటే, కట్టడం చిరాకైన పని గనక. ఒక చేతిలో బిడ్డ, ఒక చేతిలో గిన్నె, పొయ్యి మీద పాలు. ఆ స్థితిలో ఉన్న మనిషికి మూడో చేయి కావాల్సిన కుర్చీ ఎంత గట్టిదైనా ప్రమాదమే. సులువు ఒకటి, భద్రత ఒకటి అని విడదీసి, ఒకదాని కోసం ఇంకోదాన్ని కాస్త వదులుకోవాలని మనం అనుకుంటాం. ఈ పుస్తకం అలా అనుకోదు. అలిసిపోయినవాళ్ళు, చదువు రానివాళ్ళు, చూపు ఆననివాళ్ళు బిగించినా తప్పుగా బిగించడానికి వీల్లేని కుర్చీయే భద్రమైన కుర్చీ అంటుంది. నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటాను.

ఈ సంగతి లోకానికి కొత్తదేమీ కాదు. నార్వేలో పీటర్ ఆప్స్విక్ అనే ఆయన తన చిన్న కొడుకు బల్ల దగ్గర కాళ్ళు వేలాడేసుకుని అవస్థ పడటం చూసి ఒక కుర్చీ గీశాడు. 1972లో అది ట్రిప్ ట్రాప్ పేరుతో బజారులోకి వచ్చింది. రెండు పక్క చెక్కల్లో గాళ్ళు ఉంటాయి, సీటు పలక, పాదాల పలక వాటిలో జారతాయి. పిల్లవాడు పెరిగేకొద్దీ పలకలు కిందికి దించుకుంటూ పోవచ్చు. 2018 ఆగస్టులో హైదరాబాదులో ఐకియా కొట్టు తెరిచాక మనవాళ్ళు చాలామంది మొదటిసారి చూసిన ఎత్తు కుర్చీ ఒక ప్లాస్టిక్ సీటు, నాలుగు ఇనప గొట్టాల కాళ్ళు. రెండూ మంచి వస్తువులే. కానీ విడదీసి మళ్ళీ బిగించే సామాను మనకు ఐకియా నేర్పలేదు. నులక మంచం ఏమిటి మరి? నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. మేకు ఒక్కటీ ఉండదు. నులక లాగేకొద్దీ పట్టెలు కోళ్ళలోకి బిగుసుకుంటాయి. మనిషి పడుకుంటే ఆ బరువుకు ఇంకా బిగుస్తాయి. వాడేకొద్దీ వదులయ్యేది ఒక రకం బిగింపు, వాడేకొద్దీ బిగిసేది ఇంకో రకం. ఈ అమ్మాయి రెండో రకాన్ని ఎంచుకుంది.

కుర్చీలో ఉన్నవి పెద్దగా ఏమీ కావు. కిందికి వచ్చేకొద్దీ కాళ్ళు విడిగా జరిగే రెండు పక్క చట్రాలు, సీటు పలక, వీపు పలక, పాదాల పలక, ముందు అడ్డ పట్టె. పలకల చివర చెక్కిన కుసులు చట్రాల బెజ్జాల్లోంచి అవతలికి పొడుచుకొస్తాయి. పొడుచుకొచ్చిన చోట కన్నంలోంచి ఒక కొయ్య చీల దిగుతుంది. బండి ఇరుసు చివర చక్రం జారిపోకుండా ఆపే చీల చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. మెలిక ఎక్కడుందంటే, ఏ రెండు పలకల కుసులూ ఒక వెడల్పులో లేవు. వీపు పలక సీటు బెజ్జంలో దూరదు. పాదాల పలక తిరగేసి పెడితే సగంలో ఆగిపోతుంది.

దీన్ని వాళ్ళ ఇంటి అరుగు మీద పరీక్షించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముక్కలన్నీ కలగాపులగంగా తన నాయనమ్మ ముందు పోసింది. కాగితం లేదు, బొమ్మ లేదు. ఆమె కళ్ళజోడు కోసం చూసి, కనపడక, అలాగే మొదలుపెట్టింది.

"ఏందే ఇయ్యి, మంచం పట్టెలా?"

"నువ్వే చూడు నాయనమ్మా."

పెద్దామె సీటు పలక తీసి పై బెజ్జంలో పెట్టబోయింది. పట్టలేదు. కాస్త కోపంగా అరచేత్తో ఒకటి చరిచింది. "ఇది ఇందులో పట్టదే!"

"పట్టలేదంటే అది దాని చోటు కాదన్నమాట."

ఆ మాటతో ఆమెకు కిటుకు దొరికింది. ఇక చూపుతో పని లేకుండా బొటనవేలితో బెజ్జాల అంచు తడుముతూ ఒక్కొక్క పలకా దాని చోట దించేసింది. చీలలు మాత్రం పెట్టలేదు. కుర్చీ నిలబడిందిగదా అని లేవబోయింది. చీల పెట్టకుండా వదిలేస్తే ఏమవుతుందన్నది ఈ పుస్తకంలో అన్నిటికన్నా తెలివైన పుట. చీల దిగనిదే ముందు అడ్డ పట్టె తన గాడిలో కూర్చోదు, ఎదురుగా పక్కకు వేలాడుతూ కనపడుతుంది. అంటే సగం బిగించిన కుర్చీ పూర్తయినట్టు కనిపించదు. నాయనమ్మ వేలాడే పట్టెను చూసి, "ఇదేందమ్మా, వంకరగా ఉందీ?" అని తనే వెనక్కి వచ్చి చీలలు దించింది. లోపం దాక్కోకుండా ఎదుటికొచ్చి నిలబడేట్టు చేయడం ఏ కాలేజీలో నేర్పుతారో నాకు తెలియదు గాని, నేర్పాల్సిన విద్య అదే.

బోల్టూ నట్టూ ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళను రెంటచింతల తీసుకెళ్ళి మే నెలలో నిలబెట్టాలి. రాష్ట్రంలో ఎండ ఎంత కాసిందో చెప్పేటప్పుడు ఏటా వినిపించే పేరు అది. శ్రావణంలో తేమ పీల్చి ఉబ్బిన చెక్క ఆ ఎండకు ఎండి కుంచించుకుపోతుంది. వానాకాలంలో బిర్రుగా ఉన్న నట్టు వేసవికి వదులవుతుంది, వదులైనట్టు పైకి కనపడదు. ఏటవాలుగా కోసిన చీల అయితే చెక్క సన్నబడేకొద్దీ తన బరువుకు తనే ఇంకాస్త కిందికి దిగి ఆ సందు పూడుస్తుంది. పొద్దున బిడ్డను కూర్చోబెట్టే ముందు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు. పానా అక్కర్లేదు. అల్లెన్ కీ ఎక్కడ పెట్టామా అని ఇల్లంతా వెతకక్కర్లేదు. చీల పోకుండా దారంతో చట్రానికే కట్టి ఉంటుంది. దారం తెగినా బిడ్డ నోట్లో పట్టనంత లావు. మూడేళ్ళలోపు పిల్లల వస్తువుల చిన్న భాగాలు మింగేలా ఉన్నాయో లేదో చూడటానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టం వాడతారు. ముక్క అందులో పట్టిందంటే గొంతులోనూ పట్టొచ్చని లెక్క. ఇక్కడి చీల అందులో పట్టదు.

వెనక్కి పడటం గురించి ఆమె రాసిన అధ్యాయం వడ్రంగులు రెండుసార్లు చదవాలి. కుర్చీలో కూర్చున్న బిడ్డ ఎదురుగా ఉన్న బల్లనో, గోడనో కాళ్ళతో తంతాడు. తొమ్మిది నెలల కాళ్ళలో ఎంత బలముంటుందో కన్నవాళ్ళకు తెలుసు. ఆ తాపుకు కుర్చీ వీపు మీదికి పోతుంది. వెనక కాళ్ళు వీపు పలక కన్నా వెనక్కి చాచి ఉంటే పోదు. కోటప్పకొండ తిరునాళ్ళకు పురుషోత్తమపట్నం, కావూరుల నుంచి ఆకాశమంత ప్రభలు కట్టి తీసుకుపోయే సీమ మనది. ఎంత ఎత్తుకు పోతే కింద అంత వెడల్పు కావాలని ఇక్కడి చిన్నపిల్లాడికీ తెలుసు. అయినా కుర్చీ దగ్గరికొచ్చేసరికి, ఇరుకు వంటింట్లో కాళ్ళు తగులుతున్నాయని వెనక కాళ్ళు నిటారుగా కోసేస్తాం. ఈమె కోయలేదు. సీటులో అర టిక్కీ మిర్చి కట్టి, వీపు పలక పైఅంచుకు తాడు వేసి, చేపల కాటాతో వెనక్కి లాగి, ఎన్ని కిలోల దగ్గర ముందు కాళ్ళు లేస్తున్నాయో రాసుకుంది. మిర్చి టిక్కీ నలభై కిలోల పైమాటే గనక అర టిక్కీ అంటే ఏ పసివాడికన్నా బరువు. వట్టి కుర్చీ కూడా లాగి చూసింది. అది ఇంకా ముఖ్యం. బిడ్డ తేలిగ్గా ఉన్నప్పుడే కుర్చీ తేలిగ్గా పడుతుంది.

పట్టీ విషయంలో నాకు వేరే ఊహలుండేవి. పత్తి పండే నేల మీద నైలాన్ ఎందుకని ఆమె నవారుతో మొదలుపెట్టింది. నవారు ఒరుసుకోదు, చెమట పీలుస్తుంది, ఉతకొచ్చు. ముడి వేస్తే తడిసినకొద్దీ బిగుస్తుంది కూడా. సరిగ్గా అదే చిక్కు. గుజ్జన్నం తింటూ బిడ్డకు పొలమారితే, నీలం పడుతున్న బిడ్డను తీయడానికి తడి ముడి విప్పుతూ కూర్చుంటామా? పెద్దవాళ్ళ చేతికి ఒక్క నొక్కుకు ఊడాలి, బిడ్డ చేతికి ఊడకూడదు. కొయ్యతో ఒక బిళ్ళ చేసిస్తానన్నాను. ఆమె వినలేదు. పట్టీ నవారుదే ఉంచి, బ్యాగులకుండే ప్లాస్టిక్ క్లిప్పు గట్టిది కొని కుట్టింది. కొయ్య పని చేసేవాళ్ళు కొయ్యతో చేయకూడనివి కూడా తెలుసుకోవాలి కాబోలు. ఆ క్లిప్పును సీటు కింద కాక నాయనమ్మ చేతికి అందే పక్కన పెట్టింది.

అంతకన్నా నాకు నచ్చింది కాళ్ళ మధ్య కొయ్య. సీటు పలక ముందు అంచున, బిడ్డ రెండు తొడల నడుమ, అడ్డ పట్టె దాకా ఒక నున్నని గుంజ ఉంటుంది. చిన్నబిడ్డలు ముందుకు పడటం కన్నా కిందికి జారడం ఎక్కువ భయం. మొల జారుతుంది, పొట్ట జారుతుంది, తల మాత్రం పట్టె దగ్గర ఇరుక్కుంటుంది. ఆ తర్వాతది నేను రాయను. పట్టీ కట్టడం ఎవరైనా మరిచిపోవచ్చు. గుంజను మరిచిపోవడానికి వీల్లేదు, అది కుర్చీలో భాగం. అలాగే సందులు. ఏడు మిల్లీమీటర్ల నుంచి పన్నెండు మిల్లీమీటర్ల మధ్య సందు ఎక్కడా ఉండకూడదని ఐరోపావాళ్ళు పిల్లల సామానుకు కొలత పెట్టుకున్నారు. అంతకన్నా సన్నమైతే వేలు దూరదు, వెడల్పయితే దూరినా వస్తుంది, మధ్యలోదే పట్టుకుంటుంది. ఈ కొలత మన వడ్రంగులు గోడ మీద రాసి పెట్టుకోదగ్గది.

మనదేశంలో బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. కుర్చీ బొమ్మ కాదు. ఊళ్ళో వడ్రంగి ఒక ఇంటికి చేసిచ్చే కుర్చీని పరీక్షించడానికి ఎవరూ రారు. అందుకే ఏది వాడాలి, ఏది వాడకూడదు అన్న అధ్యాయానికి ఇక్కడ విలువ ఎక్కువ.

పత్తి పండించే ఊళ్ళల్లో మందు డబ్బాలకు కొదవ లేదు. ఖాళీ అయిన నీలం డ్రమ్మును సగానికి కోసి నీళ్ళకో, కుడితికో వాడుకోవడం చూస్తూనే ఉంటాం. నున్నగా వంగి ఉన్న ఆ ప్లాస్టిక్‌ను చూస్తే కుర్చీ ముందు పళ్ళేనికి భలే కుదురుతుందనిపిస్తుంది. కానీ 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. మన పత్తి చేలల్లో కొట్టిందీ ఆ మందే. డబ్బాను ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదు. డ్రమ్ము ముక్క బిడ్డ దగ్గరికి రాకూడదని ఆమె పెద్ద అక్షరాలతో అచ్చు వేయించింది. ఇంకా పెద్దవి ఉంటే అవి వేయమంటాను.

రంగు సంగతీ అంతే. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు దాటకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ మన ఇళ్ళల్లో గేటుకు వేయగా మిగిలిన డబ్బా అటక మీద ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికి తెలుసు? పాత ఇంటి టేకు తలుపు పడగొట్టి కుర్చీ చేస్తే చెక్క బంగారమే, దాని మీది పాత రంగు పొర విషం కావచ్చు. గీకితే పొడి లేచి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్క మంచిదే గాని అది తిరుగుతున్న కొయ్యకు రాపిడి వేడితో పట్టేది, పలకలకు పట్టదు. అందుకని ఈ పుస్తకం వేప చెక్కకు పచ్చి అవిసె నూనె చెబుతుంది. కొట్లో దొరికే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, అది వద్దు. పచ్చి నూనె ఆరడానికి రోజులు పడుతుంది. పట్టనివ్వండి. వేప ఎందుకంటే పురుగు పట్టదు, ఇంటింటా దొరుకుతుంది. దాని రేఖ అటూ ఇటూ మెలిపడి ఉంటుంది గనక చిత్రిక పడుతుంటే పొర లేచి వడ్రంగికి విసుగు పుట్టిస్తుంది. ఓపిక పట్టి అంచులన్నీ బొటనవేలంత గుండ్రంగా ఎమరీ కాగితంతో అరగదీయాలి. వచ్చే పళ్ళ దురదకు బిడ్డ మొదట కొరికేది ఆ అంచే.

ఒప్పుకోని సంగతులూ ఉన్నాయి. పెద్దవాడు ముందుమాట రాస్తే అన్నిటికీ తల ఊపాలని రూలేమీ లేదు గనక చెబుతున్నాను. సీటును రెండు ఎత్తుల్లో పెట్టుకోవచ్చు, బల్ల ఎత్తున ఒకటి, నేలకు జానెడు పైన ఒకటి. పుస్తకం బల్ల ఎత్తును ముందు చూపించి, జానెడు ఎత్తును చివర్లో అనుబంధంగా చూపించింది. నా దృష్టిలో ఇది తలకిందులు. బల్ల లేని ఇళ్ళే ఎక్కువ. మిరప పొడికి జానెడు చాలకపోతే మూరెడు చాలు. నాయనమ్మ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటే ఆమె మోచేతి ఎత్తుకు సరిపోతుంది, పడ్డా దెబ్బ తక్కువ. ఎత్తు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్న ముక్క రాసిందీ ఈమే, బొమ్మలో ముందు పెద్ద కుర్చీ వేసిందీ ఈమే. అడిగితే, "చిన్నది ముందేస్తే పీట అనుకుని పుట తిప్పేస్తారు మాస్టారూ" అంది. కావచ్చు. రెండో ముద్రణలోనైనా మార్చమని ఇక్కడ అచ్చులో అడుగుతున్నాను. కింద చక్రాలు పెట్టమని అడిగినవాళ్ళ మాట వినకపోవడం మాత్రం మెచ్చుకోదగ్గది. చక్రాల మీద కూర్చున్న బిడ్డ మన చూపు కన్నా వేగంగా పోతాడు. ప్లాస్టిక్ వాకర్లను కెనడా 2004లో ఏకంగా నిషేధించింది. మన బజార్లలో అవి ఇంకా తోరణాల్లా వేలాడుతున్నాయి.

ఎప్పుడు కూర్చోబెట్టాలన్న దాని మీద ఇళ్ళల్లో గొడవలు రాకుండా ఒక మాట. మగపిల్లాడికి ఆరో నెల, ఆడపిల్లకు ఐదో నెల అని మనం అన్నప్రాశనకు ముహూర్తం పెడతాం. ముహూర్తం నాటికి బిడ్డ నడుము నిలవాలని లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశంతో సహా కొన్ని దేశాల పిల్లల్ని గమనించి, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపు ఎప్పుడైనా రావచ్చని తేల్చింది. పక్కింటి బిడ్డ ఐదో నెలలోనే కూర్చుందని మన బిడ్డను దిండ్లు కూరి కుర్చీలో నిలబెట్టకూడదు. అన్నప్రాశన ఒడిలో చేయండి. చాప మీద వదిలిపెట్టినప్పుడు తనంతట తాను కుదురుగా కూర్చున్న రోజున కుర్చీ తీయండి. కుర్చీలో బిడ్డ ఉన్నంతసేపూ మనిషి చేతి దూరంలో ఉండాలి. ఎంత మంచి కుర్చీ అయినా బిడ్డను కనిపెట్టుకుని ఉండే మనిషికి బదులు కాదు.

ఇది పొలానికి మోసుకుపోయే కుర్చీ కాదు. చేను గట్టున బిడ్డను పడుకోబెట్టడానికి తుమ్మ కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలను మించింది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. గాలి వాలు చూసి, కాయ కోసే సాళ్ళకు ఎదురుగాలి వైపు కట్టుకోవాలి, అంతే.

కుర్చీ కొలతల మీద ఈ అమ్మాయి హక్కులేమీ పెట్టుకోలేదు. పల్నాడులో, బాపట్లలో, మార్కాపురం వైపు ఏ వడ్రంగి అయినా చేసి అమ్ముకోవచ్చు. చెక్క మార్చుకోవచ్చు, వీపు పలక మీద చిలకలు చెక్కుకోవచ్చు, కొనేవాళ్ళ పిల్లవాడి పేరు రాసివ్వొచ్చు. కుసుల వెడల్పులు మాత్రం పని తేలికవుతుందని అన్నీ ఒకే కొలతకు కోయొద్దు. రంపం అమరిక మార్చకుండా మూడు పలకలూ ఒకే ఊపులో కోసేస్తే గంట ఆదా అవుతుందని నాకూ తెలుసు, చేసేవాళ్ళకూ తెలుసు. కొలతల పట్టిక చివరి పుటలో ఉంది. దాన్ని కత్తిరించి పని బల్లకు అంటించుకునేలా ఒకవైపే అచ్చు వేయించారు.